వాడు పుట్టిన సంవత్సరం

ఒక మనిషి కాలు విరగాలని ఆరు నెలలు కోరుకున్నాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. వాడు దోహాలో నా తమ్ముడు పనిచేసిన సైట్‌కి ఫోర్‌మన్. మా పక్క మండలం వాడే. ఎండాకాలం, మధ్యాహ్నం ఎండకు పని ఆపాలని రూలున్న వేళ తమ్ముణ్ణి గోడకు కట్టిన స్కాఫోల్డింగ్ ఎక్కించాడు. సేఫ్టీ బెల్టు ఇవ్వలేదు. తమ్ముడు కిందపడ్డాక, ఇచ్చినా కట్టుకోలేదని కాగితం రాసేశాడు. తమ్ముడు కుడికాల్లో రాడ్లతో ఇంటికి పోయాడు. వాడు మాత్రం రోజూ సాయంత్రం ఫరీజ్ అబ్దుల్ అజీజ్ ఏరియాలో ఒక హోటల్ ముందు కాళ్ళు ఊపుకుంటూ కరక్ చాయ్ తాగేవాడు. ఆ కాళ్ళు చూస్తే నా కడుపు మండిపోయేది.

నేను అదే దోహాలో, మదీనత్ ఖలీఫా ఏరియాలో ఒక ఇంటికి డ్రైవర్ని. ఆ ఇంటి మేడమ్‌ది జపాన్‌కి దక్షిణాన ఉన్న ఒకినావా దీవి. అరవై దాటిన మనిషి. వాళ్ళ ఊరి దేవతకు గుడీ లేదట, విగ్రహమూ లేదట. ఒక తోపు, అందులో ఒక రాయి, అంతే. దూరదేశంలో ఉన్నవాళ్ళు ఆ తోపు ఉన్న దిక్కుకు తిరిగి మొక్కినా అందుతుందట. అందుకని నెలకో శుక్రవారం పొద్దున్నే బండిని అల్ ఖోర్ ఊరు దాటించి, సముద్రం ఒడ్డున మడచెట్ల దగ్గరికి పోనిమ్మనేది. చెప్పులు విప్పి, కాస్త బియ్యం, ఉప్పు, వెలిగించని నల్లటి అగరుబత్తి పలకలు పట్టుకుని చెట్లలోకి నడిచేది. దేవత దగ్గరికి మొక్కు మోసుకెళ్ళేది ఆడవాళ్ళేనట, మగవాళ్ళు లోపలికి రాకూడదట. నేను బండి దగ్గరే ఉండేవాణ్ణి. తీసుకెళ్ళినవన్నీ తిరిగి తెచ్చేది, ఒక్క ఆకు కూడా తెంపేది కాదు.

"నీ తరఫున ఏమైనా చెప్పనా?" అని ఒకసారి అడిగింది. మా ఇద్దరి ఇంగ్లీషూ అంతంతమాత్రమే, కానీ పని నడిచేది.

"ఒకడి కాలు విరగాలి మేడమ్" అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

ఆమె తిట్టలేదు. "వాడి పేరు, ఊరు, ఇంటి నంబరు, పుట్టిన సంవత్సరం కావాలి. అవి లేకపోతే దేవతకు ఎవరో ఎలా తెలుస్తుంది?" అంది.

ఇంకేం! మర్నాడు సాయంత్రమే ఫోర్‌మన్ పక్కన పోయి కూర్చున్నాను.

"అన్నా, నువ్వు ఏ సంవత్సరంల పుట్టినవే?"

"ఎందుకురా?"

"మా మేడమ్ జాతకం చూస్తదంట."

మురిసిపోయాడు దొంగ సచ్చినోడు. అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పి, నాకో చాయ్ కూడా ఇప్పించాడు. తమ్ముడి కాలు ఎట్లుందని మాత్రం మాటవరసకైనా అడగలేదు. నేను పళ్ళు నూరుకుంటూ ఆ చాయ్ తాగాను.

తర్వాతి నెల మడచెట్ల దగ్గర అవన్నీ రాసిన కాగితం మేడమ్ చేతిలో పెట్టాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టి, "గొర్రె సంవత్సరం" అంది. వాళ్ళకు ఒక్కో సంవత్సరానికి ఒక్కో జంతువట.

"గొర్రెనా? నక్క సంవత్సరం లేదా మేడమ్?"

ఆమె నవ్వకుండా లోపలికి వెళ్ళింది. నేను బండికి ఆనుకుని, విరగాలి, రెండు చోట్ల విరగాలి అని గొణుక్కుంటూనే ఉన్నాను. అరగంటకు వచ్చింది.

"చెప్పారా?"

"చెప్పాను. ఆ మనిషి కాళ్ళు చల్లగా చూడమని చెప్పాను."

నాకు ఒళ్ళు మండింది. "మేడమ్! వాడు నా తమ్ముణ్ణి అవిటివాణ్ణి చేశాడు!"

"అక్కడికి చెడ్డమాట మోసుకెళ్ళను" అంది. ఆమె గొంతు కూడా పెంచలేదు.

ఓరి నాయనో! ఇంటి నంబరుతో సహా రాసిచ్చి శత్రువుకు దీవెన ఇప్పించాను కదా! కోపంతో ఇసుకను తన్నాను.

మేడమ్ కాళ్ళు తుడుచుకుని, చెప్పులు వేసుకుంటూ అడిగింది. "నీ తమ్ముడి కాగితం ఏది?"

కాగితం లేదు. తమ్ముడు పుట్టిన సంవత్సరం కూడా నాకు సరిగ్గా తెలియదు. అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"ఏ సంవత్సరంల పుట్టినవ్‌రా నువ్వు?"

చెప్పాడు. "ఎందుకే?"

"ఇక్కడ నీ కాలు కోసం మొక్కుతున్నరు. ఎట్లున్నది కాలు?"



"మోకాలు ఇగ వంగదని డాక్టర్ చెప్పిండన్నా. నెలైతున్నది."

"నాకెందుకు చెప్పలేదురా?"

"ఫోన్ జేసినప్పుడల్ల వాని ముచ్చటనే తీస్తివి. నా కాలు ఎట్లున్నదని ఎప్పుడడిగినవ్?"

ఫోర్‌మన్ అడగలేదని పళ్ళు నూరుకున్నాను. ఆరు నెలల్లో నేనూ అడగలేదు. వాణ్ణి క్షమించలేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ పొద్దు నా మీద నాకు పుట్టిన కోపం ముందు వాడి మీది కోపం చిన్నదైపోయింది.

ఫోర్‌మన్ కాగితం వెనకే తమ్ముడి పేరు, ఊరు, ఇంటి నంబరు, పుట్టిన సంవత్సరం రాసి ఇచ్చాను. మేడమ్ మళ్ళీ చెప్పులు విప్పింది.