అమ్మ చేతిలో అంబాసిడర్

ఇవాళ ఎండలో ఆగిన ఓ పాత కారు తలుపు తీస్తే వేడెక్కిన రెగ్జిన్ వాసన గుప్పుమంది. మీకూ గుర్తుందా ఆ వాసన?

రెండువేల సంవత్సరం ప్రాంతంలో నాన్న పాత అంబాసిడర్ కొన్నాడు. నల్లపాడు దగ్గర మా మిరప కళ్లం ఖాళీ కాగానే అక్కడ అమ్మకు డ్రైవింగ్ నేర్పబోయాడు. వెనక సీట్లో నేను.

"క్లచ్ వదలకు! బ్రేక్, బ్రేక్!" నాన్న ఒకటే అరుపులు.

అమ్మ కారు ఆపేసింది. "మీరు దిగండి. మీ అరుపులకే ఏది క్లచ్చో ఏది బ్రేకో మర్చిపోతున్నా."

నాన్న గొణుక్కుంటూ దిగాడు. అమ్మ నన్ను ముందు సీట్లోకి పిలిచి, కళ్లం చుట్టూ మెల్లగా ఓ చుట్టు తిప్పింది. ఇంజిన్ ఒక్కసారీ ఆగలేదు. ఆ ధైర్యంతో సరాసరి డొంకరోడ్డు ఎక్కించింది.

"ఏమేవ్, ఆగు!" అంటూ నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని మా వెనకే పరుగు.

అమ్మ నవ్వుతూ నా చేతిని గేరు మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి మార్చింది. గేరు అదురు నా భుజందాకా పాకింది. కార్ల పిచ్చి నాకు అక్కడే పట్టింది.