పడిన చెట్లు తీయించిన మనిషి

మా అత్త పోయిన కబురు వచ్చేసరికి నేను పలాసలో మందుల షాపు ముందు ఉన్నాను. ఇంటి నుంచి మా ఆయన ఫోను. "అమ్మ పోనాది. మందులింక తేకు, వొచ్చీ" అన్నారు. షాపతను అప్పటికే మందులు కవర్లో వేసేశాడు. కాసేపు ఆ కవరు పట్టుకుని నిలబడి, తిరిగి ఇచ్చేసి బస్సెక్కాను. అక్కరలేని వస్తువుతో ఇంటికెళ్తే అత్త ఒప్పుకునేది కాదు.

దేవత, మహాతల్లి అని పదకొండో రోజున చాలామంది అన్నారు. నేను అనను. పదేళ్లకు పైగా ఆవిడతో కాపురం చేసిన కోడలిని. నోరు పెద్దది, ఓర్పు చిన్నది. ఊరంతా ఒక మాట మీద ఉంటే ఆవిడ ఇంకో మాట మీద ఉండేది. ఆ మాట మీద నిలబడేది కూడా. అందుకే ఆవిడంటే నాకు ఇష్టం.

మా వైపు, ఈ ఉద్దానం ఊళ్లలో, జీడిపిక్కలు రాలక ముందే, ఫాల్గుణంలో, చెట్ల కింద ఆకులన్నీ ఊడ్చేస్తారు. రాలిన పిక్క కంటికి కనపడాలి కదా. తోట ఊడ్చిన రోజే అత్త ఇల్లు కూడా ఖాళీ చేసేది. మూత లేని డబ్బా, చిమ్నీ పగిలిన లాంతరు, తీగకు గుచ్చిన పాత శుభలేఖలు, అన్నీ వాకిట్లోకి రావాల్సిందే. ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని, "ఏడాదై నిన్నెవులు ముట్టుకున్నారు?" అని దాన్నే అడిగేది. జవాబు చెప్పలేనివి వీధిలోకి పోయేవి.

అంతా అయ్యాక గడప మీద కూర్చుని తన సంగతి తేల్చుకునేది. ఒకసారి నన్ను పిలిచి, "ఈ ఏడు నీమీద మూడుసార్లు ఊరికే అరిసినాను. అది కూడా పారేత్తన్నాను. నువ్వు దాసుకోకు" అంది. మూడుసార్లేనా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

నేను కాపురానికొచ్చిన మూడో ఏడు, తొంభైల చివర్లో, తుఫాను వచ్చింది. తెల్లారేసరికి మా కొబ్బరి తోట సగానికి పైగా నేల మీద ఉంది. మా వైపు కొబ్బరి చెట్టును పెద్దకొడుకు అంటారు. కొడుకు మీద గొడ్డలి ఎవరు వేస్తారు? మా మావగారు అప్పటికే లేరు. ఆయన అన్నగారు, అంటే అత్తకు బావగారు, "మా అయ్య ఏసిన సెట్లు. ఎవులూ సెయ్యెయ్యకండి" అన్నారు. ఊళ్లో అందరూ అంతే. సాయంత్రమైతే పడిన మానుల మీద కూర్చుని, ఏ చెట్టు ఎన్ని గెలలు వేసేదో చెప్పుకునేవారు.

రెండేళ్లకు ఆ మానులు కుళ్లాయి. వాటిలో కొమ్ము పురుగు పెరిగింది. పడిన చెట్లో పుట్టిన పురుగు నిలబడ్డ చెట్టెక్కి మొవ్వు తినేస్తుంది. మొవ్వు పోతే కొబ్బరి చెట్టుకు ఇక చిగురు లేదు. మిగిలిన నలభై చెట్లే మా ఇంటికి కూడు. వాటిలో మూడు చచ్చిపోయాక అత్తకు నిద్ర పట్టడం మానేసింది.

అయితే అత్త బావగారితో ఎదురుపడి మాట్లాడకూడదు. అది మా ఇళ్లలో మర్యాద. ఆయన అరుగు మీద, ఆవిడ తలుపు వెనక, మధ్యలో కోడలిని నేను. "మీ పెద్దమావగారికి సెప్పు, మానులు తీయించాలని." "మీ అత్తకి సెప్పు, ఆడోళ్లకి తోట గొడవెందుకని." మూడు గజాల దూరంలో ఇద్దరికీ అన్నీ వినపడేవి. తర్వాత ఆయన పొద్దస్తమానం తోటలోనే ఉండడంతో మాట అక్కడికి మోసుకెళ్లేదాన్ని నేనే. అక్కడ తప్పు చేశాను. గొడవ ముదురుతుందని భయపడి, ఆవిడ కోపం ఆయనకు చెప్పలేదు. ఆయన కసిరిందాన్ని "చూద్దాం అన్నారు" అని మార్చి ఆవిడకు చెప్పాను. రెండు నెలలు అలా నెట్టుకొచ్చాను. ఆ రెండు నెలల్లో ఇంకో ఆరు చెట్లు పోయాయి.

అత్త నన్ను నిలదీసింది. ఉన్నది చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తలుపు తోసుకుని అరుగు ముందుకు వెళ్లి, పెళ్లైన ముప్పయ్యేళ్లకు మొదటిసారి ఆయన మొహం చూసి మాట్లాడింది.

"బావా, సచ్చినోటికి కాపలా కాత్తే బతికున్నోటిని పురుగు తింతాది. నా వాటా సెట్లు రేపు తీయిత్తన్నాను. ఆపితే మీరే వొచ్చి నా ఎదర నిలబడి ఆపండి."

మర్నాడు ఆయన ఆపడానికి రాలేదు. గట్టి మానులు దూలాలకు, వంటచెరకుకు పోయాయి. కుళ్లినవి పురుగుతో సహా కాల్చాం. సిగ్గులేని ఆడది అని ఊరంతా అంది. అనుకోనీ. మా తోటలో ఆ తర్వాత ఏడాదంతా రెండే చెట్లు పోయాయి. మరుసటి ఏడు పెద్దమావగారు కూడా తన వాటా మానులు తీయించారు, ఎవరికీ చెప్పకుండా. అత్త దాని గురించి దెప్పలేదు. వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకోవడం మొదలయ్యాక నా ఉద్యోగం మాత్రం పోయింది.

ఇప్పుడు ఊళ్లో ఒక మాట తిరుగుతోంది, తన చెట్టు తనే కొట్టించుకుంది కాబట్టే అత్త పోయిందని. ఆవిడ పోయింది కిడ్నీ జబ్బుతో. మా వైపు అది లేని వీధి లేదు. చెట్టు సంగతి నా కళ్ల ముందే జరిగింది. ఎలా జరిగిందో చెబుతాను.

పోవడానికి నెల ముందు, ఫాల్గుణంలోనే, తనను మంచంతో సహా తోటలోకి మోసుకెళ్లమంది. తను కాపురానికొచ్చిన రోజు అత్తవారు తన చేత నాటించిన చెట్టు కింద దింపమంది. దాని మొవ్వు ఎండింది. కింది ఆకులు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి.

"దీన్ని కొట్టీయండి" అంది.

"ఇంకా పచ్చగానే ఉంది కదత్తా. ఉండనీ" అన్నాను.

"మొవ్వు పోనాక పచ్చ ఎన్నాళ్లే? నానున్నప్పుడే కొట్టీయండి. నాను పోతే మీకు సేతులు రావు. మా అమ్మ సెట్టని బొట్టెట్టి మొక్కుతారు. మిగతావన్నీ పురుక్కి ఇచ్చీత్తారు."

మా ఆయన మంచం దూరం జరిపి, మనుషుల్ని పిలిచి కొట్టించారు. చెట్టు ఒరుగుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి, ఇన్నేళ్లూ నీడ పడిన చోట ఎండ పడుతోంది. అది అత్త మంచం మీద సగం దాకా వచ్చింది. మా ఆయన మంచాన్ని నీడలోకి లాగబోయారు.

"ఉండనీరా" అంది అత్త. దుప్పటి పక్కకు నెట్టి, వాచిన కాళ్లు ఎండలోకి చాపుకుంది.