కాగితం బెరడు చెట్టు

నేనెంత చురుకంటే, అందరికీ పదహారేళ్ళు పట్టే చదువు నాకు ఎనిమిదో తరగతికే అయిపోయింది. అక్క స్పాన్సర్ చేస్తే న్యూజెర్సీ వచ్చి, ఎడిసన్ దగ్గర ఒక నర్సరీలో నీళ్ళు పోసే పనిలో చేరాను. మొక్కలు సర్టిఫికెట్లు అడగవు కదా.

నర్సరీ ముసలాయన పెరూ కొండల నుంచి గింజలు తెప్పించి పాలిలెపిస్ అనే చెట్టు పెంచాడు. గడ్డి తప్ప మరేదీ నిలవని ఎత్తుల్లో బతికే జాతి. కాగితంలాంటి ఎర్ర బెరడు పొరలు పొరలుగా వేలాడుతుంది. చలికి అదే దాని దుప్పటి. మొలిచినవాటిలో ఒక్కటే మిగిలి నా భుజందాకా ఎదిగింది. దాన్ని వేడి పెట్టని షెడ్డులో ఆ చలికాలం దాటిస్తే గ్రీన్‌హౌస్ పెత్తనం నాదేనన్నాడు.

అక్టోబరులో అక్కకు తెలిసిన ఇంజనీరుగారు, గృహప్రవేశానికి తులసి మొక్కలు కావాలంటూ భార్యతో వచ్చారు. చెట్టు చూసి ఆయన మొహం వెలిగిపోయింది.

"ఏవోయ్, ఇది భూర్జపత్రం కదూ! యంత్రం దీనిమీదే రాయాలి."

"పెరూ సరుకు సార్. దీనిమీద రాస్తే దేవుడికి స్పానిష్ రావాలి."

నవ్వుకున్నాం. నేను తులసి కుండీలు తెచ్చేసరికి ఆయన జేబుకత్తితో, లోపలి పచ్చి కనబడేలా, కాండం చుట్టూ సగందాకా ఒలిచేశారు.

"ఫరవాలేదుగా?" అన్నారు, కత్తి ఆపి.

ఒళ్ళు మండిపోయింది. నోట్లోంచి మాత్రం, "కానివ్వండి సార్, చెట్టుకి తిరుపతి గుండు!" అని ఊడిపడింది. ఆయన మిగతా సగమూ ఒలిచి, రుమాల్లో మడిచి పెట్టుకున్నారు.

జనవరి చలికి చెట్టు చచ్చింది. ముసలాయన ఆ గాయం చుట్టూ వేలు తిప్పి చూశాడు. గ్రీన్‌హౌస్ నా తర్వాత చేరినవాడి చేతికి వెళ్ళింది. ఆ కోపం నాలో ఇప్పటికీ చల్లారలేదు.

ఉగాది భోజనాల్లో ఇంజనీరుగారు కనబడగానే అందరిముందూ అరిచేశాను.

"పీహెచ్‌డీ చేశారు, చుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు చస్తుందని తెలీదా? మీరు యంత్రం రాసి పూజగదిలో ఫ్రేము కట్టించుకున్నది నా బతుకు తోలు!"

పక్కనున్న ఆయన భార్య నావైపు తిరిగింది.

"ఆయన కత్తి ఆపి అడిగారు తమ్ముడూ. నువ్వు జోకేశావు."