ముందుగా కట్ చేయని అక్క

కెనడాలోని బర్నబీలో నాతోపాటు బేస్‌మెంట్‌లో అద్దెకుండిన అక్కది వరంగల్. మాస్టర్స్ అయ్యాక ఒక పెద్ద జపాన్ టెక్ కంపెనీకి అప్లై చేసింది. ఇంటర్వ్యూలన్నీ లాప్‌టాప్‌లోనే. ప్రతి రౌండ్ చివరా తల వంచి, అవతలివాళ్లు కాల్ కట్ చేసేదాకా అలాగే కూర్చునేది.

నేను నవ్వితే, "వాళ్లకంటే ముందు మనం కట్ చేస్తే మర్యాద కాదంటనే," అంది.

నాలుగో రౌండ్ ముగిసి, తెర నల్లబడ్డాక కూడా తల ఎత్తలేదు.

"అయిపోయిందక్కా," అన్నాను.

"ఏమో, ఇంకా ఉన్నరేమో."

ఆ కంపెనీ నుంచి మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. ఒక్క మెయిల్ పెట్టడానికి వాళ్లకేం రోగమని నేనే తిట్టాను. ఆమెకు ఆ అలవాటు మాత్రం ఉండిపోయింది. ఎవరితో మాట్లాడినా ఫోన్ ముందుగా తను పెట్టేసేది కాదు.

తర్వాత ఒటావా పక్కన కనాటాలో చిన్న ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. వెళ్లిన వారానికి ఫోన్ చేసింది.

"ఈడ తెలుగు మాట్లాడెటోళ్లు ఎవ్వరు లేరే," అంది.

నాకు షిఫ్టుకు టైమైపోతోంది. "నేనే మళ్లీ చేస్తా అక్కా," అన్నాను.

"సరే," అంది. ఫోన్‌లో ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది. నేనే కట్ చేశాను.

మళ్లీ చేయలేదు.