గోడకి తీపి ఎక్కువైంది

మా చర్చిలో వేదిక వెనక గోడ పెచ్చులూడితే, సిమెంటు పూయించేద్దామని సంఘపెద్ద ఇశ్రాయేలు పట్టుబట్టాడు. పాత సున్నపు గోడకి సిమెంటు అతకదని నెత్తీనోరూ బాదుకుని చెప్పింది ఒక్క బడే మియానే. బెజవాడలో గానుగ సున్నం పని తెలిసిన కొద్దిమంది మేస్త్రీల్లో ఆయనొకడు. కొత్త సంవత్సరం ఆరాధనకి గోడ గట్టిపడకపోతే మీ సిమెంటే పూయించుకోండని మాటిచ్చి, ఉయ్యూరు పక్కనున్న మా ఊరొచ్చాడు. అది తొంభైతొమ్మిది డిసెంబరు, రంజాన్ నెల.

మారేడు గుజ్జూ బెల్లమూ తొట్టి నీళ్లలో నానేసి, ఆ నీళ్లతో సున్నం కలిపేవాడు. ఎందుకని అడిగాను.

“సున్నం గాలి పీల్చి మళ్లీ రాయవుద్దండి. ఊరికే వదిలేస్తే ఇష్టమొచ్చినట్టు బిగుసుకుని పగులుద్ది. ఈ జిగురుంటే కుదురుగా పేరుకుంటది. తీపి మించిందా, అసలు గట్టిపడదు.”

మా వాళ్ల చేతికి ఎముక ఉండదు, ఏం చేస్తాం! చెరుకు గానుగలాడే రోజులు. దేవుడి గోడ కదా అని పక్కింటి అమలమ్మ ఎవరికీ చెప్పాపెట్టకుండా రెండు బెల్లం దిమ్మలు తెచ్చి తొట్టిలో పడేసింది. మామూలప్పుడైతే మియా ఆ నీళ్లు నాలుక మీద వేసుకుని చూసేవాడు. రోజా ఉపవాసంలో ఉన్నాడు గనక చూడలేదు.

వారమైనా గోడ మీద వేలు పెడితే దిగబడుతోంది. పైగా చీమలు బారులు తీరాయి.

“ఇదేనా మియా, నీ రాయి?” అన్నాడు ఇశ్రాయేలు. నాకు ఒళ్లు మండింది.

మియా చీమల్ని చూడగానే సంగతి గ్రహించాడు. ఎవర్నీ ఏమీ అనకుండా తాపీ తీసుకుని గోడంతా తనే గీకేశాడు. “ఇంకా గడువుందిగా. మళ్లీ పూస్తా.”

అమలమ్మ కళ్లనీళ్లతో ముందుకొచ్చింది. “బెల్లం వేసింది నేనేనండీ, సాయిబు గారూ.”

“అయితే ఈ నెలంతా నా నాలుక మీరేనమ్మా. చంటిపిల్ల పాలల్లో వేసినంత తీపి చాలు. చూసి చెప్పండి.”

రోజూ ఆవిడ రుచి చూడటం, ఎండిన పెదాలతో ఆయన పూయడం. నీరసంగా ఉన్నా ఒక్కపూట కూడా మానలేదు.

కొత్త సంవత్సరం పొద్దున్నే ఇశ్రాయేలు మేకు తెచ్చి గోడ మీద గీశాడు. గీత పడలేదు. మిగతా మూడు గోడలూ మియాకే ఇచ్చాడు. నాకెంత సంబరమైందో చెప్పలేను.

రంజాన్ పండగ వెళ్లిన మర్నాడు, మియా గరిటెడు బెల్లపు నీళ్లు పట్టుకుని అమలమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

“ఇప్పుడు రోజా లేదుగా, మీరే చూసుకోవచ్చుగా?” అందావిడ.

“చూశానమ్మా, సరిపోయింది. అయినా మీరు చెబితేగాని సున్నంలో పొయ్యను.”