దుప్పటక్క మానేసిన రోజులు

ఆ హోటల్లో ఆమెను అసలు పేరుతో పిలిచేది జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె దుప్పటక్క. పరుపు మీద దుప్పటి పరిచి నాలుగు మూలలూ మడిచి కిందికి దోపిందంటే, దాని మీద ముడత వెతకడానికి కళ్ళజోడు పెట్టుకోవాల్సిందే. నాలుగో అంతస్తులో పద్నాలుగు గదులు పద్దెనిమిదేళ్ళుగా ఆమెవే. కొత్తగా చేరినవాళ్ళను మొదటి వారమంతా ఆమె వెంటే తిప్పేవాళ్ళు. ఇప్పుడు ఆ అంతస్తుకు సూపర్‌వైజర్‌గా ఉన్న అమ్మాయి కూడా అలా నేర్చుకున్నదే. ఆ అమ్మాయికి పదవి వచ్చిన మర్నాటి నుంచే దుప్పటక్క “మేడం” అని పిలవడం మొదలుపెట్టింది. “అక్కా, నన్ను మేడం అనకు, సిగ్గేస్తుంది,” అని ఎన్నిసార్లు బతిమాలినా వినలేదు.

తాగుడు ఎప్పుడు మొదలైందో ఆమెకు బాగా గుర్తు. మొగుడు వేరే ఇల్లు చూసుకుని వెళ్ళిపోయిన ఏడాది అది. అంటే ఏడేళ్ళ కిందటి సంగతి. అత్తగారిని కూడా రమ్మన్నాడు గానీ, ఆ పెద్దావిడ “నా మంచం ఇక్కడుంది” అని ఒక్క మాట అని గోడ వైపు తిరిగి పడుకుంది. అంతటితో కొడుకు ఊసు ఆ ఇంట్లో ఆగిపోయింది. కోడలూ అత్తగారూ మిగిలారు.

గదుల్లో దిగినవాళ్ళు ఖాళీ చేసి వెళ్తూ సగం తాగిన సీసాలు వదిలేస్తుంటారు. వాటిని సింకులో ఒంపేసి ఖాళీ సీసాను చెత్తసంచిలో వేయాలి. అది హోటలు నియమం. ఒకరోజు ఒంపబోతూ ఆగి, బాత్రూం తలుపు దగ్గరికి వేసి, రెండు గుక్కలు తాగింది. నడుం నొప్పికి మందనుకుంది. నిజంగానే ఆ సాయంత్రం నడుం నొప్పి తెలియలేదు. మొగుడు కూడా గుర్తు రాలేదు. ఆ తర్వాత నొప్పి లేని రోజున కూడా నొప్పి ఉందనుకోవడం అలవాటైంది. మొదట్లో ఆఖరి గది అయ్యాక తాగేది. ఏడాది తిరిగేసరికి మూడో గదిలోనే మొదలుపెట్టేది. గదుల్లో దొరకని రోజున దార్లో కొనుక్కుని, బడ్డీకొట్టు వెనక నిలబడి తాగి, నోట్లో లవంగం వేసుకుని ఇల్లు చేరేది. అత్తగారి మొగుడు ముప్పై ఏళ్ళు తాగి తాగి పోయినవాడు. ఆవిడ ముందు లవంగం ఏపాటి? అయినా ఆవిడ ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే కోడలికి ముల్లులా గుచ్చుకునేది.

ఓ మధ్యాహ్నం 407లో పక్క చక్కగా సర్ది, దాని మీదే పడి నిద్రపోయింది. గదిలో దిగిన పెద్దమనిషి భార్యతో సహా తలుపు తీసుకుని వచ్చేసరికి, చెప్పులు కూడా విప్పకుండా గుర్రు పెడుతోంది. సూపర్‌వైజర్ పిల్ల పరుగెత్తుకొచ్చి, “బీపీ పడిపోయిందండీ, పొద్దున్నుంచీ నీరసంగా ఉందంటోంది” అని అబద్ధం ఆడి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చేతులు చాపమన్నాడు. చాపింది. వేళ్ళు వాటంతటవే వణుకుతున్నాయి. ఆయనకు వేరే పరీక్షలు అక్కర్లేకపోయాయి.

ఆరు రోజులు వార్డులో ఉంది. మొదటి రెండు రోజులూ ఒళ్ళంతా చెమటలు, వాంతులు, కిటికీ పక్కన ఎవరో నిలబడ్డారన్న భయం. మందులిచ్చారు. ఇంటికి పంపే రోజున వార్డు సిస్టరు మంచం మీద కూర్చుని తాపీగా చెప్పింది.

“కావాలనిపిస్తుందమ్మా. అనిపించడం నీ తప్పు కాదు. ఇరవై నిమిషాలో, అరగంటో ఉంటుంది. ఆ కాసేపూ ఎలాగో గడుపు, అదే దిగిపోతుంది. కడుపు ఖాళీగా ఉంచుకోకు. ఒంటరిగా ఉండకు.”

“నా పనే ఒంటరి పని కదా సిస్టర్. గదిలో నేనూ చీపురూ తప్ప ఎవరుంటారు?”

సిస్టరు మంచం మీద నుంచి లేచింది. “ఫోనుంది కదా,” అంది.

ఇంటికొచ్చాక రెండ్రోజులు ఊరికే మంచానికి అతుక్కుపోయింది. మానేస్తే ఒళ్ళు తేలికవుతుందని ఎవరో అన్నారు గానీ, ఆమెకు మాత్రం తడి దుప్పట్లు మోస్తున్నట్టే ఉంది. నిద్ర పట్టదు, పట్టినా గంటకోసారి మెలకువ. నోట్లో ఏది పెట్టుకున్నా రుచి లేదు, తీపి తప్ప. బిస్కెట్లు పొట్లాలకు పొట్లాలు తినేసేది. “నా కొడుకు చిన్నప్పుడు కూడా ఇన్ని తినలేదే,” అంది అత్తగారు. ఏడేళ్ళలో ఆవిడ కొడుకు మాటెత్తడం అదే మొదలు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఎందుకో నవ్వుకున్నారు.

పనిలోకి వెళ్ళిన మొదటి రోజే 411 ఎదురైంది. ఆ గదిలో రెండు వారాలకని దిగినవాడు ఏదో కంపెనీ లెక్కలు తనిఖీ చేసేవాడట. మనిషి కనపడడు, బల్ల మీద సీసా మాత్రం రోజూ కనపడుతుంది, అడుగున మూడోవంతు మిగిల్చి. మూత కూడా పెట్టడు. తలుపు తీయగానే వాసన. ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది. నాలుక తడారిపోయింది, దవడలు లాగాయి, చెవుల్లో హోరు. ట్రాలీని గట్టిగా పట్టుకుని అత్తగారికి ఫోను చేసింది.

“ఏమే, ఏమైంది?”

“ఏం లేదత్తయ్యా. ఏదైనా మాట్లాడండి.”

“ఏం మాట్లాడను?”

“ఏదైనా. ఆపకుండా మాట్లాడండి.”

పెద్దావిడకు సగం చెవుడు. అయినా ఆ గొంతులో ఏముందో వినపడింది కాబోలు, ఇంకేమీ అడగలేదు. “సరే, విను. పొద్దున నీళ్ళు రాలేదు. పైవాటా ఆవిడ మోటారు వేయడం మర్చిపోయిందట. మర్చిపోవడమేంటి, కావాలనే. నిన్న వాళ్ళ పిల్లి మన కిటికీలో పడుకుంటే చీపురుతో తరిమాను కదా, ఆ కసి. పిల్లి కూడా అంతే, ఆవిడ పోలికే. కూర్చున్న చోటు నుంచి లేవదు...”

ఫోను ఏప్రాను జేబులో పెట్టుకుని, అత్తగారి గొంతు పొట్ట దగ్గర గొణుగుతుండగా, దుప్పటక్క సీసా అందుకుని మొహం పక్కకు తిప్పి సింకులో ఒంపింది. కుళాయి పూర్తిగా విప్పి వదిలేసింది. పక్క సర్దింది, దిండ్ల గలీబులు మార్చింది, అద్దం తుడిచింది. గది అయ్యేసరికి పైవాటా ఆవిడ కుటుంబం మూడు తరాల దాకా అత్తగారి నోట్లో నలిగిపోయింది. దుప్పటక్కకు యూనిఫాం చొక్కా వీపంతా చెమటతో తడిసింది. మైలు దూరం పరుగెత్తి వచ్చినట్టుంది. ఇంకా ఎనిమిది గదులున్నాయి.

అలా పదకొండు రోజులు నడిచింది. పదకొండింటికి 411. పదకొండింటికి ఫోను. పెద్దావిడ కూడా అదో ఉద్యోగంలా భావించి, ఉదయం నుంచీ మాటలు పోగుచేసుకుని ఉంచుకునేది. కరెంటు బిల్లు చదివేది. మందుల చీటీ మీద తారీఖులు చదివేది. ఓ రోజు చెప్పడానికేమీ దొరక్క, తన పెళ్ళిలో తిట్టుకున్న బంధువులందరినీ వరుసగా మళ్ళీ తిట్టింది. గదుల్లో ఫోను మాట్లాడకూడదని హోటలు రూలు. సూపర్‌వైజర్ పిల్ల ఒకసారి గుమ్మం దాకా వచ్చి, విని, వెనక్కి వెళ్ళిపోయింది.

పన్నెండో రోజున ఫోను మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, ఆవేళ పక్కింటామె పెద్దావిడను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. ఫోను మంచం మీదే మర్చిపోయి ఉంటుంది. నాలుగో అంతస్తు నడవలో చప్పుడు లేదు. 411లో సీసా ఆవేళ సగానికి పైగానే ఉంది.

ముందు పక్క సర్దుదామనుకుంది. దుప్పటి మూల మూడుసార్లు దోపింది, మూడుసార్లూ జారింది. జీవితంలో ఎప్పుడూ అలా జరగలేదు. అప్పుడు విసుగొచ్చింది. తాగాలన్న కోరిక కంటే ఆ విసుగే పెద్దదని తర్వాత ఆమెకు అనిపించింది. రోజూ ఇదే యుద్ధమా, ఎన్నాళ్ళు, ఎవరి కోసం అన్న విసుగు. సీసా ఎత్తింది. ఒక గుక్క మింగింది. గొంతు మండుతూ దిగింది, ఒంట్లో ఎక్కడో చాలాకాలంగా మూసి ఉన్న తలుపు తెరుచుకున్నట్టయింది. భయమేసింది. రెండో గుక్క నోట్లో ఉండగానే సింకులో ఉమ్మేసి, సీసా మొత్తం ఒంపేసి, బాత్రూం నేల మీద కూర్చుండిపోయింది.

తక్కిన గదులు ఎలా చేసిందో తెలియదు. దార్లో బడ్డీకొట్టు రాకుండా రెండు వీధులు చుట్టు తిరిగి ఇంటికి వెళ్ళింది. అత్తగారు కంట్లో చుక్కలు వేయించుకుని, గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

“ఫోను మర్చిపోయానే,” అంది అడుగుల చప్పుడు వినగానే. “దార్లో గుర్తొచ్చింది. ఆటో వెనక్కి తిప్పమంటే ఆ మహాతల్లి తిప్పనివ్వలేదు.”

దుప్పటక్క గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది. “తాగానత్తయ్యా. ఒక గుక్క.”

పెద్దావిడ గుడ్డ తీసి, సరిగా కనపడని కళ్ళతో ఆమె వైపు చూసింది. “ఒకటేనా?”

“ఒకటే.”

“మిగతాది?”

“ఒంపేశాను.”

 పైవాటాలో ఎవరో కుర్చీ ఈడ్చారు.

“మీ మామ నాతో ఏనాడూ ఇలా చెప్పలేదు,” అంది అత్తగారు. “పీకల్దాకా తాగొచ్చి కూడా, తాగలేదని నా తల మీద ఒట్టేసేవాడు. ఇటు రా, కూర్చో. తిన్నావా?”

“లేదు.”

“పొద్దున?”

“అప్పుడూ లేదు.”

“మరి ఆ సిస్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పింది కదే, కడుపు మాడ్చుకోవద్దని.” చేత్తో తడుముకుంటూ లేచి, గిన్నె ఆమె ముందు పెట్టింది. ఆమె రెండు ముద్దలు తిన్నాక అంది. “నా నోరు ఎన్నాళ్ళు ఆడుతుంది చెప్పు? నాకేమో కంటికి ఆపరేషన్ చేయాలన్నారు. చెవులు ఎటూ పోయాయి. నువ్వు రోజూ ఆ సీసాల మధ్యకి వెళ్తానంటే ఎలా? రేపు ఆ పిల్లతో చెప్పు.”

“చెప్తే ఉద్యోగం పోతుంది.”

“చెప్పకపోతే?”

ఆమె మూడో ముద్ద కలిపింది.

మర్నాడు పొద్దున్నే లినెన్ గదిలో, మడతపెట్టిన తువ్వాళ్ళ మధ్య, సూపర్‌వైజర్‌తో చెప్పింది. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఏడేళ్ళ దాపరికం ఇంత చిన్నదా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

“నాకు తెలుసక్కా,” అంది ఆ అమ్మాయి. “407 కంటే ముందే తెలుసు. నువ్వు నేర్పిన దాన్ని, నీకు చెప్పేదేంటని ఊరుకున్నాను. అప్పుడే అడగాల్సింది.”

“ఇప్పుడేం చేస్తారు మేడం?”

“గదులు వద్దు. కింద లాండ్రీలోకి వేస్తాను. అక్కడ పని కష్టం, వేడి. కానీ పక్కన నలుగురుంటారు. మేనేజరుకి నడుం నొప్పని చెప్తాను.”

“నడుం నొప్పికి లాండ్రీయా? నమ్ముతాడా?”

“ఆయన ఎప్పుడైనా లాండ్రీలోకి దిగితే కదా,” అంది ఆ అమ్మాయి. దుప్పటక్కకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపు కూడా వచ్చింది గానీ, అది తువ్వాళ్ళ వైపు తిరిగి కానిచ్చేసింది.

లాండ్రీ అంటే కిటికీల్లేని హాలు. ఆరు మిషన్లు, నాలుగు డ్రైయర్లు, తెల్లారిందీ పొద్దుగూకిందీ తెలియని ట్యూబ్‌లైట్లు. తడి దుప్పట్లు తీసి వేసి, వేడి దుప్పట్లు తీసి మడిచి, సాయంత్రానికి భుజాలు ఊడిపోయేవి. తన పద్నాలుగు గదులూ వేరే ఎవరో చేస్తున్నారని తలుచుకుంటే, మడిచిన దుప్పటినే విప్పి మళ్ళీ మడిచేది. మొదటి నెలలో రెండుసార్లు ఉద్యోగం మానేద్దామనుకుంది. కావాలనిపించడం అక్కడా మానలేదు. సబ్బు వాసనలోనూ వచ్చేది, ఇస్త్రీ ఆవిరిలోనూ వచ్చేది. అలా వచ్చినప్పుడు దుప్పటి అవతలి కొస పట్టుకున్న మనిషితో, “ఏదైనా మాట్లాడు,” అనేది. ఆ మనిషికి చెప్పుకోవడానికి తన తోటికోడలు ఉంది. ఆ తోటికోడలి ఆగడాలకు ఒక దుప్పటి, రెండు దుప్పట్లు సరిపోయేవి కావు.

మూడు నెలలకు అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చింది. సూపర్‌వైజర్ అడగ్గానే సెలవిచ్చింది. ఉదయం తొమ్మిదింటికి పెద్దావిడను చక్రాల కుర్చీలో లోపలికి తీసుకెళ్ళారు. “భయంగా ఉందా?” అని అడిగింది దుప్పటక్క. “నాకెందుకు భయం? కోసేవాడికి ఉండాలి,” అంది ఆవిడ.

వరండాలో బెంచీ మీద కూర్చుంది. పది నిమిషాలు బాగానే గడిచాయి. తర్వాత, ఏ సీసా లేదు, ఏ వాసనా లేదు, స్పిరిట్ వాసన తప్ప, ఊరికే తాగాలన్న కోరిక వచ్చేసింది. వేళ్ళ చివర్లలో మొదలై, మెడ దాకా పాకింది. ఆసుపత్రి గేటుకు ఎదురుగా బ్రాందీకొట్టు ఉందని వచ్చేటప్పుడే చూసింది. చూడలేదని తనకు తాను చెప్పుకుంది గానీ, చూసింది. ఫోను చేయడానికి అత్తగారు లేదు. లాండ్రీలో వాళ్ళకు ఈ వేళలో చేతులు ఖాళీ ఉండవు.

సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసింది. ఒకటి తింది. నీళ్ళు తాగింది. లేచి వరండా చివరిదాకా నడిచి, మళ్ళీ వచ్చి కూర్చుంది. పక్కన ఒక ముసలాయన పట్టుకున్న పేపర్లో వెనక పేజీ చదివింది, వధూవరుల ప్రకటనలతో సహా. ఇంకో బిస్కెట్ తింది. గోడ గడియారంలో ముల్లు జరుగుతోందో లేదో తెలియడం లేదు. చేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా మోపి కూర్చుంది. ఎంత అలసిపోయిందంటే, ఆ కొట్టుదాకా నడిచే ఓపిక కూడా లేదనిపించింది. ఆ నీరసం మంచిదో చెడ్డదో ఆలోచించే ఓపికా లేదు.

ముసలాయన పేపరు మడిచి, “ఎవరికమ్మా ఆపరేషన్?” అని అడిగాడు.

“మా అత్తగారికండీ.”

“కూతురివేమో అనుకున్నాను.”

ఆమె ఆయనకు ఒక బిస్కెట్ ఇచ్చింది. ఆయన తనకు షుగరంటూనే తీసుకున్నాడు. వాళ్ళావిడ గురించి, ఆవిడ రెండో కన్ను గురించి చెప్పుకొచ్చాడు. ఆయన చెప్తుండగా ఎప్పుడో, గమనించకుండానే, మెడ దగ్గర పట్టు వదిలింది. చేతులు తొడల కింద తిమ్మిరెక్కాయి.

నర్సు తలుపు సందులోంచి తల పెట్టి, “ఆపరేషన్ బాగా అయింది. ఆవిడ అప్పుడే మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టింది, వచ్చి తీసుకెళ్ళండి,” అంది.

దుప్పటక్క చేతులు విదిలించుకుంటూ లేచింది.