మిద్దె మీద పదమూడో ఎక్కం

ఎండుమిరపకాయల ఘాటు ముక్కుకు తగిలితే అందరికీ తుమ్ములొస్తాయి, నాకు మాత్రం ఏడుపొస్తుంది. పోయిన వారం పులివెందులలో మా అక్క ఇంటి ముందర కాయలు ఆరబోసి ఉంటే, ఆ వాసనకు జమ్మలమడుగులోని మా మట్టిమిద్దె కళ్ల ముందర నిలబడింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త అది. మా నాయన ఎలిమెంటరీ బడిలో అయివారు. నాకు తొమ్మిదేండ్లు, అక్క సుబ్బులుకు పద్నాలుగు. దాని కాళ్లు ఒక తావున నిలిచేవి కావు. పెన్న ఇసుకలో మగపిల్లకాయలను దాటి ఉరికేది, చింతచెట్టెక్కితే చిటారుకొమ్మ దాకా పోయేది, రోట్లో కొర్రలు దంచుతా పద్యం ఎత్తుకుందంటే రోకలి దెబ్బకొక మాట చొప్పున ఒక్కపూటలో నోటికొచ్చేసేది. ఎక్కాలైతే మరీ విడ్డూరం. తొక్కుడుబిళ్ల గడులు గీసుకొని, ఒంటికాలి మీద గడి గడికీ ఒక్కో మెట్టు చెప్పుకుంటా పోతే ఒక్కటీ తప్పేది కాదు. అదే పుస్తకం ముందర కూర్చోబెడితే దిక్కులు చూసేది. "ఒగ తావున కూర్చోకుంటే చదువెట్ల వస్తాదే?" అని నాయన మొత్తుకునేవాడు.

ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష గట్టెక్కితే టీచరు ట్రైనింగుకు పంపిస్తానని నాయన మాటిచ్చినాడు. అక్కకు అదొకటే ఆశ. సరిగ్గా ఆ ఏడే అది పెద్దమనిషయింది. "ఇంగ ఎగరగాకు, కడుపు జారుతాది" అని మా జేజి, అంటే మా నాయనమ్మ, దాని ఉరుకులూ గంతులూ అన్నీ మాన్పించింది.

అక్క ఊరికే ఉంటుందా! మధ్యాన్నం అందరూ నడుం వాల్చగానే, ఇంటి వెనక పశువుల కొట్టం మిద్దెకు నిచ్చెనేసుకొని ఎక్కేది. ఆరబోసిన మిరపకాయలను పక్కకు నెట్టి, బొగ్గుతో గడులు గీసి, అరికాళ్లు చుర్రుమంటున్నా పదమూడో ఎక్కం, పద్నాలుగో ఎక్కం ఎగురుతా చదివేది.

ఉగాది పొద్దు బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు నెయ్యిలో ముంచుకొని తిని పెద్దోళ్లంతా గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. నేనూ మిద్దెక్కి, నన్నూ ఆడించమని పోరుపెట్టినాను. "నువ్వడ్డమొస్తే లెక్క తప్పుతాదే, కిందికి పో" అని అక్క కసిరింది. నాకు రోషమొచ్చింది. పోయి నాయనను లేపి చెప్పేసినాను.

నాయన అక్కను కొట్టలేదు, తిట్టలేదు. కిందికి దిగమని, ఆ నిచ్చెన భుజానేసుకొని పోయి బడిలో పడేసి వచ్చినాడు. పరీక్షల దాకా అక్క స్తంభానికానుకొని పుస్తకం పట్టుకొని కూర్చునింది. మోకాలు ఊగితే జేజి చెయ్యేసి అణిచేది. ఆ పక్కనే నేను ఓళిగ ముక్కలు కొరుక్కుంటా తిరిగినాను, పాపిష్టిదాన్ని.

లెక్కల్లో అక్క తప్పింది. పదమూడో ఎక్కం సగంలో ఆగిపోయిందంట. మళ్లీ పరీక్షకు కట్టనీయలేదు. ఆ ఏడే పులివెందుల సేద్యగాళ్లింటికిచ్చి పెండ్లి చేసినారు. దానికి దక్కాల్సిన ట్రైనింగు నాకు దక్కింది. ముప్పైయేండ్లు ప్రొద్దుటూరులో పంతులమ్మగా చేసి, అంత జరిగింది కళ్లారా చూసి కూడా, పిల్లకాయలను చేతులు కట్టుకోండి, కదలొద్దు, నోటి మీద వేలేసుకోండి అని అరిచినాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మట్టిమిద్దెలన్నీ పోయి స్లాబులొచ్చినాయి. తొక్కుడుబిళ్ల గడులు ఏ వీధిలోనూ కనిపించవు. జేజీ లేదు, నాయనా లేడు. ఇంకెవరున్నారని దాచేది? పోయిన వారం అక్క మోకాళ్లకు నూనె రుద్దుకుంటా ఉంటే ఎదురుగా కూర్చొని చెప్పేసినాను: "అక్కా, ఆ ఉగాది పొద్దు నాయనకు చెప్పింది నేనే. నావల్లనే నీ చదువు పోయింది."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. అక్క నూనె చేత్తోనే నా చెయ్యి పట్టుకొని నవ్వింది.

"నీవల్ల యాడిదే పిచ్చిదానా! నాది మొద్దు బుర్ర. కూర్చోబెట్టి చదివించినా నాకు రాకపాయె."